రాయి వెనక హారన్ బాబాయి

హారన్ బాబాయి ఇరవయ్యారేళ్ళు కాలేజీ బస్సు నడిపాడు. ఆ ఇరవయ్యారేళ్ళలో బ్రేకు కన్నా హారనే ఎక్కువ అరిగింది. మలుపు వస్తే హారన్. మేక కనిపిస్తే హారన్. ఏమీ కనిపించకపోతే, ఏమైనా రాబోతుందేమోనని హారన్. ఆయన అసలు పేరు ఆఫీసు గుమాస్తాకి ఒక్కడికే తెలుసు, అదీ రిజిస్టరు తిరగేసి చెప్పాలి. టూరిజం చదివే పిల్లలకీ, లెక్చరర్లకీ, చివరికి ప్రిన్సిపాలుకీ ఆయన బాబాయే.

పిల్లల్ని ఎక్కించుకుని కొండలకీ సరస్సులకీ పాత కోటలకీ తిప్పడం ఆయన పని. పాఠం పేరు ‘ప్రకృతికి హాని చెయ్యని పర్యాటకం’. దాన్ని నేర్పడానికి నలభై మందిని ఏడాదికి పదకొండుసార్లు, లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బస్సులో, డీజిల్ పొగ మధ్య ఊరేగించేవారు. ఇందులో తమాషా ఎవరికీ కనిపించలేదు. పాఠం చెప్పే మేడంకి కూడా చాలా ఏళ్ళు కనిపించలేదు.

ఒక రోజు జలపాతం కింద పార్కింగులో ఏడు కాలేజీల బస్సులు ఆగి ఉన్నాయి. ఎండగా ఉందని ఏడు ఇంజన్లూ ఆపకుండా ఏసీలు వేసి ఉంచారు. ఏడుగురు లెక్చరర్లు ఏడు గుంపుల ముందు నిలబడి, ఇంజన్ల మోతని దాటి వినబడేలా గొంతు చించుకుంటూ ‘వాహనాల పొగ తగ్గించాలి’ అని చెబుతున్నారు. మేడం వాక్యం మధ్యలో ఆగిపోయింది. చుట్టూ చూసింది. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చుని, హాజరు కాగితం వెనక ఏదో లెక్క వేస్తూ అడిగింది.

“బాబాయ్, ఈ బస్సు మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగుంటుంది?”

“మీటరు రెండుసార్లు తిరిగి సున్నాకొచ్చింది మేడం!” అన్నాడు ఛాతీ పొంగిస్తూ.

అంత గర్వంగా చెప్పిన మాటే ఆ బస్సు ప్రాణం తీసింది. వచ్చే ఏడాదికల్లా బస్సు లేదు. బస్సు నిలబెట్టే షెడ్డు పక్కన ఉన్న పాత టైపు గదికి సున్నం కొట్టించి, ఇరవై తిరుగుడు కుర్చీలు వేసి, కళ్ళకు తగిలించుకునే ఇరవై హెడ్‌సెట్లు తెప్పించారు. అవి పెట్టుకుంటే కుర్చీలో ఉన్నవాళ్ళు జలపాతం ముందు ఉన్నట్టే ఉంటుంది. తల తిప్పితే ఆ పక్క, ఎత్తితే ఆకాశం, వెనక్కి తిరిగితే వచ్చిన దారి. ఒక మనిషి ఎలాగూ నడిచే సర్వీసు బస్సులో వెళ్ళి ఒక్కసారి కెమెరాతో తీసుకొస్తే, రెండేళ్ళపాటు పిల్లలంతా ఇక్కడే కూర్చుని చూడొచ్చు. మేడం గదిలో కాలే కరెంటు కూడా లెక్కేసింది. బస్సు పొగ పక్కన అది చిటికెడు.

హెడ్‌సెట్లకి బాబాయి పెట్టిన పేరు గంతలు. బస్సు పోయినవాడికి వేరే పని లేక ఆ గంతలు పంచే పని ఇచ్చారు. మొదటిరోజు పిల్లలు రెండు జట్లుగా వచ్చి కూర్చున్నారు. బాబాయి తలుపు దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ అరిచాడు.

“అందరూ ఎక్కారా? కిటికీలోంచి చేతులు బయట పెట్టకండి!”

“కిటికీ ఎక్కడుంది బాబాయ్?” అన్నారు పిల్లలు.

“ఉంటే పెట్టకండి.”

పది నిమిషాల్లో ఒక పిల్లకి కళ్ళు తిరిగి వాంతి వచ్చింది. బస్సు మలుపుల్లో ఎప్పుడూ వాంతి చేసుకునే పిల్లే. బాబాయి జేబులోంచి కవరు తీసి అందించి, వీపు నిమిరాడు. ఆ క్షణంలోనే ఆయనకి ఈ కొత్త చదువు మీద కాస్త నమ్మకం కుదిరింది.

అయితే కాలేజీ యాజమాన్యానికి కుదరలేదు. ఒక్క టర్ము చూస్తామన్నారు. టర్ము చివర బయటినుంచి కమిటీ వస్తుంది. పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారని కమిటీ ఒప్పుకుంటే గది ఉంటుంది. లేదంటే గది మూసేస్తారు, బాబాయి హాస్టలు స్టోరు రూముకి వెళ్ళి బకెట్లూ చీపుర్లూ లెక్కపెట్టుకోవాలి.

కెమెరా పని మొదట ఆయనది కాదు. ఒక ఫొటోగ్రాఫరుని పెట్టారు. మేడం గోడమీద పెద్ద అక్షరాలతో ఒక్కటే నియమం అంటించింది: ‘తీసుకెళ్ళినదంతా తిరిగి తీసుకురావాలి. కాగితం ముక్క వదిలినా ఆ మనిషికి మళ్ళీ కెమెరా ఇవ్వబడదు.’ ఫొటోగ్రాఫరు కోట దగ్గర తీసిన మొదటి వీడియోలో, మెట్ల పక్కన ఒక ఖాళీ నీళ్ళసీసా ఉంది. అది ఆయనదేనని కనిపెట్టినవాడు బాబాయి. కనిపెట్టి ఊరుకోలేదు, మేడం గదికి వెళ్ళి మూతరంగుతో సహా చెప్పాడు. ఫొటోగ్రాఫరు వెళ్ళిపోయాడు. ఖాళీ అయిన కెమెరా బాబాయి చేతికి వచ్చింది. ఇందులో తన స్వార్థం ఏమీ లేదని ఆయన ఆ తర్వాత చాలామందికి, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

ఆ కెమెరా గుండ్రంగా, నాలుగు పక్కలూ ఒకేసారి తీసేది. దాంతో వచ్చిన చిక్కు ఒకటే: తీసేవాడు నిలబడటానికి దాని వెనక అంటూ ఏదీ లేదు. స్టాండు మీద పెట్టి, బటన్ నొక్కి, పది సెకన్లలో పరుగెత్తి ఎక్కడో దాక్కోవాలి. ఎనిమిది నిమిషాలు కదలకూడదు. స్టీరింగు వెనక కూర్చుని పెరిగిన పొట్టతో పది సెకన్లలో ఎంత దూరం పరుగెత్తగలడు? కోటలో స్తంభం వెనక దాక్కుంటే స్తంభానికి రెండు పక్కలా పొట్ట కనిపించింది. కొండ మీద పొద వెనక కూర్చుంటే, పొద పైన బట్టతల సూర్యుడిలా ఉదయించింది.

ఇంట్లో ఆయన భార్య కుట్టుపని చేస్తుంది. ముందుగదిలో కిటికీ కింద మిషను, దాని చుట్టూ ఎప్పుడూ సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు. మొగుడు పడుతున్న అవస్థ విని, మిగిలిన బూడిదరంగు గుడ్డలన్నీ కలిపి ఆవిడ ఆయనకి ఒక పొడుగు చొక్కా కుట్టింది, రాళ్ళలో కలిసిపోతాడని. వేసుకుని నిలబడితే, గుండీలు కుట్టడానికి వచ్చిన మరదలు తలెత్తి చూసింది.

“ఎలా ఉంది?” అన్నాడు.

“రాయిలా ఉంటావన్నారు కదా బావా, చుట్టి మూల పెట్టిన పరుపులా ఉన్నావు.”

“నోర్ముయ్యవే, కదలకుండా ఉంటే సరిపోతుంది,” అంది భార్య.

“కదలకుండా ఉండటమే కదా అక్కా నీ దగ్గర బావకి బాగా అలవాటు.”

పరుపు చొక్కా వల్ల పరుగు ఇంకా తగ్గింది. గదిలో పిల్లలు నవ్వుల్లో మునిగిపోయారు. గంతలు పెట్టుకోగానే కోటా కొండా ఎవరికీ పట్టలేదు, ‘బాబాయి దొరికాడు!’ అని ముందు అరిచినవాళ్ళే మొనగాళ్ళు. అరుపులు స్టాఫు రూము దాకా వెళ్ళాయి. మేడం వచ్చింది. ఆవిడకి గంతలు పెట్టుకుంటే కళ్ళు తిరుగుతాయి, అందుకని ఎప్పుడూ కంప్యూటరు తెర మీదే చూస్తుంది. తెర మీద ఒక్క పక్కే కనిపిస్తుంది కాబట్టి బాబాయి వైభవం అప్పటిదాకా ఆవిడకి తెలియదు.

“చదువా ఇది, దొంగాటా?” అని మండిపడి, కంప్యూటర్ల పని చూసే ల్యాబ్ అమ్మాయిని పిలిచి బాబాయిని అన్ని వీడియోల్లోంచీ తుడిచేయమంది.

ల్యాబ్ అమ్మాయి రెండు రోజులు కూర్చుని తుడిచింది. మూడోరోజు పిల్లలు గంతలు పెట్టుకున్నారు. నాలుగు నిమిషాల్లో తీసేశారు.

“అయిపోయిందా?” అంది మేడం.

“చూసేశాం మేడం. కోట. బాగుంది.”

“ఏం చూశారు?”

“గోడలు.”

మేడం వెనకటి క్లాసుల్లో పిల్లలు రాసిచ్చిన కాగితాలు తీసి చూసింది. బాబాయిని వెతికిన రోజుల్లో ఇదే పిల్లలు ఎనిమిది నిమిషాల వీడియోని మళ్ళీ మళ్ళీ వేసుకుని ఇరవై నిమిషాలు కుర్చీలు తిప్పారు. ఆ వెతుకులాటలో కోట గోడ మీద చెక్కిన పేర్లు చూశారు. కందకంలోకి హోటలు మురుగు వదులుతున్న గొట్టాన్ని చూశారు. అందరూ అడ్డదారిన నడవడం వల్ల గడ్డి చచ్చిపోయి తెల్లబడ్డ దారి చూశారు. బాబాయి ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి ప్రతి మూలా చూశారు. మేడంకి ఒక మంచి గుణం ఉంది, తప్పు చేశానని తెలిస్తే మొహం మాడ్చుకునైనా దిద్దుకుంటుంది.

“బాబాయిని మళ్ళీ పెట్టెయ్,” అంది ల్యాబ్ అమ్మాయితో.

అప్పట్నుంచి దాక్కోవడం ఉద్యోగంలో భాగమైంది. బాబాయిని కనిపెట్టేలోపు, ఆ చోటికి మనుషుల వల్ల జరిగిన హాని ఏమేం కనిపించిందో పది రాయాలి. అదీ నియమం. బాబాయి కాలేజీలో కాలరు ఎగరేసుకుని తిరిగాడు. కమిటీకి చూపించడానికి అన్నిటికన్నా పెద్దది, జలపాతం, తీసుకురమ్మని మేడం ఆయన్ని పంపింది. కొంప అక్కడే మునిగింది.

బాబాయికి షుగరు ఉంది. డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు. డాక్టరు చెప్పి ఊరుకున్నాడు, భార్య ఊరుకోలేదు. చొక్కా ఉతకడానికి వేసేముందు జేబులు బయటికి లాగి, దులిపి, వాసన చూస్తుంది. సరిహద్దు చెక్‌పోస్టులో కూడా అంత సోదా ఉండదు. జలపాతం ముందు కెమెరా పెట్టి, పెద్ద నల్లరాయి వెనక్కి చేరిన బాబాయి, ఎనిమిది నిమిషాలు ఊరికే కూర్చోవాలి కదా అని, బస్టాండులో కొన్న క్రీము బిస్కెట్ల ప్యాకెట్టు విప్పాడు. అన్నీ తిన్నాడు. ఖాళీ కవరు చేతిలో మిగిలింది. జేబులో పెడితే ఇంట్లో దొరికిపోతాడు. ఇరవయ్యారేళ్ళు పాఠం విన్న మనిషి ఒక్క క్షణం ఆలోచించి, కవరుని ఉండచుట్టి రాయి మీదుగా విసిరేశాడు. నీళ్ళు లాక్కుపోతాయనుకున్నాడు. నీళ్ళు ముట్టుకోలేదు. తడిరాయి మీద వాలి, మెల్లగా విచ్చుకుని, మిగిలిన నాలుగు నిమిషాలూ వెండిలా మెరుస్తూ కూర్చుంది. బాబాయికి తన ముందున్న రాయే అడ్డం కాబట్టి అది కనిపించలేదు.

కనిపెట్టింది క్లాసులో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలడిగే పిల్ల; కమిటీ రోజుదాకా దాచిన ఆ వీడియో సరిగ్గా వచ్చిందో లేదో చూడమని మేడం ఇచ్చింది ఆమె ఒక్కదానికే. ఆమెని అందరూ క్వశ్చన్ బ్యాంకు అంటారు. క్లాసు అయ్యాక గంతలు తిరిగిస్తూ, బాబాయికి మాత్రమే వినబడేలా అంది.

“బాబాయ్. జలపాతం. మూడో నిమిషం, నలభయ్యో సెకను.”

“ఏముందక్కడ?”

“మీ చెయ్యి.”

“చెయ్యే కదా తల్లీ. కోటలో పొట్ట మొత్తం కనిపిస్తేనే ఎవరూ ఏమనలేదు.”

“చేతిలోంచి బయల్దేరిన దాని సంగతి చెప్పండి.”

గోడమీది నియమం ఆయనకి కళ్ళు మూసుకున్నా కనిపించింది. ఆ నియమంతో ఒక ఫొటోగ్రాఫరుని సాగనంపింది తనే.

“మేడంకి చెప్పావా?”

“ఇంకా లేదు. ఇరవై గంతల్లో పదిహేడో నంబరుది ఒక్కదానికే బెల్టు సరిగ్గా ఉంది కదా బాబాయ్? మిగతావన్నీ చెమట వాసన.”

పదిహేడో నంబరు ఆ రోజునుంచి క్వశ్చన్ బ్యాంకుది. రెండు రోజుల్లో ఆమె బెంచీలో ఉన్న ఇంకో ఇద్దరికి కూడా విషయం తెలిసింది, బాబాయి వాళ్ళిద్దరి గంతలకీ సబ్బునీళ్ళు పెట్టి తుడిచి, బెల్టులు మార్చి ఇవ్వాల్సివచ్చింది. మిగతా పిల్లలు ఈ ముగ్గురికే ఎందుకింత మర్యాద అని వాపోయారు. “బాగా చదువుతారు కాబట్టి,” అన్నాడు బాబాయి. మూడువారాలు అలా నడిచింది.

కమిటీ వచ్చే వారం బాబాయి ల్యాబ్ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. తలుపు దగ్గరేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

“మేడంకి తెలియకుండా నేను ఫైలు ముట్టుకోను బాబాయ్,” అంది ఆ అమ్మాయి.

“నన్ను మొత్తంగా తుడిచేసినదానివి. ఒక బిస్కెట్ కవరు తుడవలేవా?”

“తడిరాయి మీద తుడిస్తే మచ్చ కనిపిస్తుంది. నీళ్ళు కదులుతుంటాయి కదా.”

“అయితే బకెట్లు లెక్కపెట్టుకోమంటావు నన్ను.”

ఆ అమ్మాయి తెర మీద ఆ వీడియో తెరిచింది. బాబాయి మొహం చూస్తే జాలేసింది, పనిలో ఉన్న చిక్కు చూస్తే సరదా వేసింది. చెయ్యి ఎగిరిన ముక్క కత్తిరించింది. మిగిలిన కవరు మీద ఏదైనా అతికించాలి. నీళ్ళ పక్కన పిట్ట ఉంటే సహజంగా ఉంటుందని, ఎక్కడో దొరికిన బొమ్మలోంచి ఒక చిన్న తెల్ల పిట్టని తీసి, సరిగ్గా కవరు మీద నిలబెట్టింది. బాబాయి గంతలు పెట్టుకుని చూసి మురిసిపోయాడు.

“ఎంత ముచ్చటగా ఉందే! అసలు కవరే లేకపోయినా పెట్టాల్సింది.”

కమిటీలో ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు, అన్నిటికీ తలకాయ ఊపేవాళ్ళు. మూడో మనిషి కమిటీ పెద్ద, అడవుల శాఖలో పనిచేసి రిటైరైన ఆవిడ. మెడలో దుర్భిణి వేలాడుతోంది. గదిలో కూర్చుని చూసేదానికి దుర్భిణి ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. పిల్లలు గంతలు పెట్టుకున్నారు, పెద్దావిడ కూడా పెట్టుకుంది. పదిహేనో నిమిషానికి పిల్లల కాగితాలు నిండిపోయాయి: రైలింగు లేని అంచు, చెట్టు వేళ్ళ మీద పోసిన సిమెంటు, ప్రవాహంలో బట్టల సబ్బు నురగ. బాబాయి బట్టతలని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మేడం మొహం వెలిగిపోయింది.

“ఆగండాగండి,” అంది పెద్దావిడ గంతల్లోంచి. “ఎడమపక్క తడిరాయి మీద... ఇదేంటిది?”

“పిట్టండీ,” అన్నాడు బాబాయి, ఆవిడ మాట పూర్తి కాకముందే.

“పిట్టని తెలుస్తోంది. కానీ ఇది ఇక్కడెందుకుంది? ఇది సముద్రపు ఇసుకలో తిరిగేది. సముద్రం ఇక్కడికి ఎంత దూరం?”

“పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరతామండీ,” అన్నాడు బాబాయి. దూరం అడిగితే చెప్పకుండా ఉండలేడు.

“నాలుగు నిమిషాలుగా చూస్తున్నాను, రెక్క కూడా విదిలించలేదు. ఎంత ఓపిక! పిల్లలూ, లోపలి కొండల్లో ఈ పిట్ట ఇంతవరకూ ఎవరికీ కనిపించలేదు తెలుసా?” ఆవిడ గంతలు తీసేసింది. కళ్ళు మెరుస్తున్నాయి. బ్యాగులోంచి ఫోను తీసి, కంప్యూటరు తెర మీది పిట్టని ఫొటో కొట్టింది. “మా పిట్టలు చూసేవాళ్ళ గ్రూపులో ఎనిమిదివందల మందిమి ఉన్నాం. ఈ ఫొటో పెడితే రేపు తెల్లారేసరికి సగం మంది అక్కడుంటారు.”

మిగతా ఇద్దరూ తలలు ఊపారు. మేడం పొంగిపోయింది, తన వీడియోలో అరుదైన పిట్ట! ల్యాబ్ అమ్మాయి కంప్యూటరు వెనక తల దించుకుంది. బాబాయికి మాత్రం పన్నెండేళ్ళ కిందటి ఒక చెరువు గుర్తొచ్చింది. గులాబీ కలువలు పూశాయని ఎవరో ఫొటో పెడితే, జనం విరగబడ్డారు. ఆయనే తొమ్మిదిసార్లు బస్సు తోలాడు. నాలుగోసారికి కలువలు లేవు. తొమ్మిదోసారికి పార్కింగు చెరువు కన్నా పెద్దదైంది. ఇప్పుడు నాలుగొందల కార్లు ఆ కొండదారి ఎక్కి, లేని పిట్ట కోసం బండలన్నీ తొక్కి వెతుకుతాయి. పిట్ట దొరకదు కాబట్టి ఇంకా ఎక్కువ వెతుకుతాయి. ఆయన నోరు తెరిస్తే కెమెరా పోతుంది. తెరవకపోతే జలపాతం పోతుంది.

పెద్దావిడ బొటనవేలు ఫోను మీద దిగుతోంది.

“ఆపండమ్మా!” గది అద్దాలు అదిరాయి. ఇరవయ్యారేళ్ళ హారన్ ఆ గొంతులో పలికింది. “అది పిట్ట కాదు. బిస్కెట్ కవరు!”

ఇరవై కుర్చీలు ఒక్కసారిగా తిరిగాయి.

“ఏ కవరు?” అంది పెద్దావిడ.

“క్రీము బిస్కెట్‌దండీ.”

“ఎవరిది?”

“నాదే. తిని పారేశాను. అది కనిపించకుండా పిట్టని పెట్టించాను.”

“పిట్ట నాది మేడం,” అంది ల్యాబ్ అమ్మాయి కంప్యూటరు వెనకనుంచి, లేచి నిలబడకుండా.

క్వశ్చన్ బ్యాంకు చెయ్యెత్తింది.

“మాకు ముందే తెలుసు మేడం.”

“ఎప్పట్నుంచి?”

“మూడువారాలు.”

మేడం ఆమె తల మీద తళతళలాడుతున్న పదిహేడో నంబరు వైపు చూసింది. “ఓహో. మంచి గంతలన్నీ అందుకా మీ బెంచీకే వస్తున్నాయి?” అంది. క్వశ్చన్ బ్యాంకు గబగబా పదిహేడో నంబరుని తల మీంచి తీసి ఒళ్ళో దాచుకుంది.

పెద్దావిడ ఫోను బ్యాగులో పెట్టేసింది. కోప్పడుతుందని అందరూ చూస్తే, పిట్ట లేని అసలు వీడియో వెయ్యమంది. చెయ్యి రావడం, కవరు ఎగరడం, తడిరాయి మీద విచ్చుకోవడం మొత్తం రెండుసార్లు చూసింది. గంతలు తీసి పిల్లల్ని అడిగింది.

“ఆ కవరు ఇప్పుడు కూడా అక్కడే ఉంటుంది. ఏం చేద్దాం?”

“వెళ్ళి తీసెయ్యాలి.”

“దేంట్లో వెళ్ళి? కారులో వెళితే ఎనభై కిలోమీటర్లు పోను, ఎనభై రాను. ఒక్క కవరు కోసం అంత పొగా?”

గది రెండు పార్టీలైపోయింది. వదిలెయ్యమని కొందరు, వదిలేస్తే వందేళ్ళుంటుందని కొందరు. సైకిలు మీద పంపాలని ఒకడు, బాబాయి పొట్ట చూసి వెనక్కి తగ్గాడు. చివరికి క్వశ్చన్ బ్యాంకే అంది: సర్వీసు బస్సు ఎలాగూ వెళుతుంది, అందులో ఒక్క సీటు నిండితే కొత్తగా వచ్చే పొగ లేనట్టే. పెద్దావిడ కాగితం మీద ఏదో రాసుకుని, కవరు వచ్చాకే మా నిర్ణయం అని లేచింది.

మర్నాడు బాబాయీ ల్యాబ్ అమ్మాయీ సర్వీసు బస్సులో మూడుగంటలు వెళ్ళారు, సగం దూరం నిలబడే. కవరు తడిరాయి మీద లేదు. గాలికి వెనక్కి కొట్టుకొచ్చి ఉంటుందని బాబాయి తను దాక్కున్న నల్లరాయి వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. చూసి, “అమ్మాయ్, కెమెరా ఇటు తీసుకురా,” అన్నాడు. తీసేటప్పుడు పరుగుపరుగున వచ్చి, కెమెరా వైపే కళ్ళు పెట్టి కూర్చున్నవాడు తన కాళ్ళ వెనక ఏముందో చూసుకోలేదు.

కెమెరా పెట్టడానికి జలపాతం ముందు చదునైన చోటు ఒక్కటే. దానికి దగ్గరలో మనిషి పట్టేంత రాయి కూడా ఒక్కటే. అప్పట్లో పార్కింగులో బస్సులు నిలబెట్టిన ఏడు కాలేజీలూ ఈ ఏడాది గంతల దారే పట్టాయి. ఏడు కాలేజీల కెమెరావాళ్ళూ ఎనిమిదేసి నిమిషాలు ఆ రాయి వెనకే కూర్చున్నారు. అక్కడ నీళ్ళసీసాలున్నాయి, అయిపోయిన బ్యాటరీలున్నాయి, చూయింగు గమ్ము అంటించిన బస్సు టికెట్లున్నాయి, విరిగిన దువ్వెన ఉంది. ప్రకృతిని పాడుచెయ్యకుండా చూపించడానికి వచ్చినవాళ్ళంతా కెమెరాకి కనపడని ఆ ఒక్క మూలనే పాడుచేశారు. మొత్తం ముప్ఫయ్యొక్క వస్తువులు. అందులో క్రీము బిస్కెట్ కవర్లు నాలుగు. ఏది తనదో తేల్చుకోలేక బాబాయి నాలుగూ సంచిలో వేసుకున్నాడు.

సంచి ముందు ఇంటికి వచ్చింది. భార్య అలవాటు ప్రకారం విప్పింది.

“నాలుగు ప్యాకెట్లు!”

“ఒక్కటే నాది. నీమీద ఒట్టు.”

“మిగతా మూడు?”

“వేరే కాలేజీలవాళ్ళవి.”

“అక్కడ కూడా షుగరున్నవాళ్ళనే దాచిపెడతారా?” అంది భార్య. మరదలు మిషను మీద తల పెట్టుకుని నవ్వలేక చచ్చింది. ఆ తర్వాత పదిహేను రోజులు బాబాయికి టీలో కూడా చక్కెర లేని సంగతి అలా ఉంచి, టీయే లేదు.

రాయి వెనక తీసిన వీడియో చూసి కమిటీ గదిని ఉండనిచ్చింది. ఒక షరతు పెట్టింది: ఏడు కాలేజీలకీ కలిపి ఒక్కసారే తియ్యాలి, ఏడుగురు వెళ్ళి ఏడుసార్లు కాదు. పిట్ట ఉన్న వీడియో, కవరు ఉన్న వీడియో, రాయి వెనక వీడియో మూడూ పాఠంలో పెట్టించింది. కమిటీ వెళ్ళాక మేడం బాబాయిని పిలిచింది.

“నియమం నియమమే బాబాయ్. కెమెరా ఇచ్చెయ్యండి.”

“ఇచ్చేస్తాను మేడం,” అంటూ బల్ల మీద పెట్టాడు. అడుక్కోలేదు. బకెట్ల గది తాళం ఎక్కడుంటుందో గుమాస్తాని అడగాలని మాత్రం అనుకున్నాడు.

మేడం కెమెరాని ల్యాబ్ అమ్మాయి వైపు జరిపింది. ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. “నేను తీస్తాను మేడం. ఫ్రేములో దాక్కోవడానికి మనిషెవరు? నేను సన్నగా ఉంటాను, చెట్టు వెనక నిలబడితే పిల్లలు రెండు టర్ములైనా కనిపెట్టలేరు. వెతికి వెతికి మానేస్తారు.”

మేడం గోడమీది నియమాన్ని మరోసారి చదువుకుంది. అందులో కెమెరా ఇవ్వబడదని ఉంది. దాక్కోకూడదని లేదు.

అలా హారన్ బాబాయి ఏ కాలేజీ రిజిస్టరులోనూ లేని ఉద్యోగంలో కుదురుకున్నాడు. కెమెరా ముట్టుకోడు. ల్యాబ్ అమ్మాయితోపాటు సర్వీసు బస్సులో వెళ్ళి దాక్కుని వస్తాడు. బయల్దేరేముందు క్వశ్చన్ బ్యాంకు గేటు దగ్గర నిలబడి ఆయన జేబులు సోదా చేస్తుంది. ఆ అధికారం ఆమెకి బాబాయి భార్య ఫోనులో ఇచ్చింది.

పోయిన నెల సరస్సు వీడియో వచ్చింది. పిల్లలు పావుగంట వెతికారు, దొరకలేదు. రెల్లు పొదల్లో వెతికారు, పడవ కింద వెతికారు, నీటి అంచున పేరుకున్న ప్లాస్టిక్కు కుప్పల్ని ఒక్కొక్కటిగా వెతికారు. పది రాయమంటే ఇరవై రెండు రాశారు. గంట కొట్టినా ఎవరూ గంతలు తియ్యలేదు. చివరికి మేడం కూడా కళ్ళు తిరుగుతున్నా లెక్కచెయ్యకుండా ఒకటి పెట్టుకుని కుర్చీలో గిర్రున తిరిగింది.

“బాబాయ్, ఒడ్డున ఆ బూడిదరంగు మూట మీరేనా?”

“బాగా చూడండి మేడం,” అన్నాడు బాబాయి తలుపు దగ్గర చేతులు కట్టుకుని.

ల్యాబ్ అమ్మాయి కంప్యూటరు వెనక పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. ఆ రోజు సరస్సు దగ్గర కెమెరా తిరిగిన ఎనిమిది నిమిషాలూ బాబాయి గట్టు అవతల రోడ్డు మీద, సర్వీసు బస్సు డ్రైవరుతో గేరుబాక్సు గురించి వాదిస్తున్నాడు.